ట్యాంకు అడుగున అక్షరం

రాజమండ్రి

చిరంజీవి వంశీకి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. హాల్లో పుస్తకాల బీరువా ఖాళీ చేసి స్టవ్వులు పెట్టేశావన్నమాట! స్టాక్‌హోమ్‌లో ఉద్యోగమంటే ఆదివారాలు చలికి దుప్పటి ముసుగేసుకుని పడుకుంటావనుకున్నాను గానీ, పాత సామాన్ల సంతలు పట్టుకు తిరుగుతావనుకోలేదు. అమ్మాయి ఏమంటోందో రాయలేదు. రాయకపోవడంలోనే సంగతి తెలిసింది.

అన్నిటికీ మెరుగు పెట్టించనా, వెలిగించనా, ఇంకా కొననా అని అడిగావు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చెప్పి రిటైరయినవాణ్ణి, పైగా మా నాన్న పంపు స్టవ్వులు, పెట్రోమాక్స్ లైట్లు బాగుచేసే కొట్టు నడిపాడు. ఈ విషయంలో నన్ను కదిపితే ఊరుకోనని తెలిసే అడిగుంటావు.

నువ్వున్నది వాటి పుట్టిల్లు. స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్కు 1892లో మసి పట్టని కిరసనాయిలు స్టవ్వు తయారుచేశాడు. అదే ప్రైమస్. అంతకు పదేళ్ల ముందే కార్ల్ రిచర్డ్ నైబెర్గ్ బ్లోలాంపులు చేయడం మొదలుపెట్టాడు. సూత్రం ఒకటే. నూనెను గాలి ఒత్తిడితో కాగిన గొట్టంలోకి తోస్తే ఆవిరవుతుంది. ఆ ఆవిరి సూది బెజ్జంలోంచి చిమ్ముకొచ్చి, గాలితో కలిసి నీలంగా మండుతుంది. వత్తి లేదు, పొగ లేదు. ఈ నైబెర్గ్ మహానుభావుడు తన బ్లోలాంపులతోనే బాయిలరు కాచి, ఆవిరి ఇంజనుతో విమానం ఎగరేద్దామని ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. అది గెంతిందే గానీ ఎగరలేదు. ఆయన పేరు చెప్పగానే నాకు స్టవ్వుకంటే ముందు ఆ విమానమే గుర్తొస్తుంది.

నీ పైఅరలో ఎడమ చివరున్న చిన్నది స్వేయా 123. ఆ మోడల్ 1955లో వచ్చింది. 1969లో స్వేయాను ఆప్టిమస్ కంపెనీ కొనేసింది. దానికి పంపు లేదు, గమనించావా? బర్నరు కింద ట్యాంకు నెత్తిన చిన్న పల్లం ఉంటుంది. అందులో కాస్త స్పిరిట్ పోసి అంటిస్తే ట్యాంకు వేడెక్కుతుంది. లోపలి పెట్రోలు తన ఆవిరితో తానే ఒత్తిడి పెంచుకుంటుంది. నూలు వత్తి ఇంధనాన్ని పైకి లాగుతుంది. ఒకసారి అంటుకున్నాక దాని సెగతోనే అది బతుకుతుంది. గొలుసుకు వేలాడే ఆ తాళంచెవి లేకపోతే తిప్పేదీ లేదు, ఆర్పేదీ లేదు. సంతలో స్వేయా కనబడితే ఇత్తడి సంగతి తర్వాత, ముందు తాళంచెవి ఉందో లేదో చూసుకో. పైన మూత చిన్న గిన్నెగా పనికొస్తుంది, అదీ ఉండాలి. వెలిగించినప్పుడు మాత్రం దానిమీద పెద్ద గిన్నె పెట్టకు, చుట్టూ అట్టలు అడ్డం పెట్టకు. ట్యాంకు మరీ వేడెక్కితే మూతలోని సేఫ్టీ వాల్వు తెరుచుకుని పెట్రోలు ఆవిరిని బయటికి చిమ్ముతుంది. దానికి మంటంటుకుంటే చెయ్యి కాల్చుకున్నాక తెలుస్తుంది.

రేకు పెట్టెలో ఉన్నది ప్రైమస్ 96లా ఉంది. అది కిరసనాయిలుది, పంపు ఉంటుంది. కొండలెక్కేవాళ్లు బర్నరు విప్పేసి, ఆ రంధ్రానికి విడి మూత బిగించి, కాళ్లు తీసి, అన్నీ పెట్టెలో సర్దుకునేవారు. విడి మూత లేకపోతే దారంతా సంచిలో కిరసనాయిలే. పాతవాటిలో మొదట పోయేది ఆ మూతే. నీ పెట్టెలో ఉందో లేదో చూసి రాయి.

ఇంత చిన్న సామాను ఎక్కడెక్కడికి వెళ్లిందనుకున్నావు! 1895లో ఉత్తర ధ్రువం వైపు స్లెడ్జి మీద బయల్దేరిన నాన్సెన్ వెంట ప్రైమస్ ఉంది. 1916లో షాకిల్టన్ ఇద్దరు మనుషులతో సౌత్ జార్జియా మంచుకొండలు దాటినప్పుడూ ఉంది. 1953 మే 29 ఉదయం, ఎవరెస్టు చివరి శిబిరంలో హిల్లరీ బూట్లు గడ్డకట్టి రాళ్లలా బిగుసుకుపోతే, వాటిని స్టవ్వు మంట మీద చాలాసేపు కాచుకున్నాకే ఆయనా టెన్జింగూ శిఖరానికి బయల్దేరారు. స్టవ్వు వెలగకపోతే బూటు లేదు, బూటు లేకపోతే ఎవరెస్టు లేదు.

కానీ వీటన్నిటికంటే నేను మా కుర్రాళ్లకు ఎక్కువగా చెప్పిన కథ తోలు వాషర్ది. దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తున్న స్కాట్ బృందం 1912లో డిపో డిపోకీ చేరి చూస్తే, దాచిన కిరసనాయిలు తక్కువగా ఉంది. డబ్బాల మూతల కింది తోలు వాషర్లు ఆ చలికి చెడి, నూనె హరించుకుపోయింది. వాళ్లకంటే ముందు ధ్రువం చేరిన అముండ్సెన్ తన డబ్బాలకు సోల్డరింగ్ చేయించుకుని వెళ్లాడు. మంచి ఫిట్టరు అలా ముందే ఆలోచిస్తాడు. స్కాట్ బృందం చావుకి అదొక్కటే కారణం కాదులే, కానీ వాళ్ల వేడినీళ్లు తగ్గిపోయింది అక్కడే.

నీ పంపుల్లోనూ అదే తోలు ఉంది. పంపు కడ్డీ బయటికి లాగి చూడు. చివర చిన్న గిన్నెలా తోలు వాషరు ఉంటుంది, ఏళ్ల తరబడి ఎండి అట్టలా అయ్యుంటుంది. దాన్ని పారేయకు. నూనెలో ఓ పూట నానబెట్టి, వేళ్లతో మెల్లగా అంచులు విప్పి, మళ్లీ గొట్టంలోకి తిప్పుతూ దించు. చాలావరకు బతుకుతుంది. మనవాళ్లు ఏ నూనె దొరికితే అది రాసేవాళ్లు, ఇంట్లో కొబ్బరినూనె ఉంటే అదే. మీ చలికి కొబ్బరినూనె పేరుకుపోతుంది, మెషీన్ ఆయిల్ వాడు. పంపు గొట్టం అడుగున ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. అందులో స్ప్రింగు, దాని మొనలో చిన్న కార్కు ముక్కో రబ్బరు ముక్కో ఉంటుంది. అది అరిగితే కిరసనాయిలు వెనక్కి తన్ని పంపులోకి వస్తుంది, కడ్డీ దానంతటదే పైకి లేస్తుంది. మా కొట్టుకి రిపేరుకొచ్చే స్టవ్వుల్లో సగం జబ్బు అదే. మిగతా సగం నిపిల్లో, అంటే ఆవిరి చిమ్మే బెజ్జంలో, మసి. దానికి స్టవ్వు పిన్ను చాలు. అయినా కొందరు బట్టలు కుట్టే సూది పెట్టి పొడిచి బెజ్జం పెద్దది చేసుకొచ్చేవాళ్లు. నువ్వు ఆ పని చేయకు.

మెరుగు సంగతి. ఫోటోలో మూడు స్టవ్వులు బంగారంలా మెరుస్తున్నాయి. అమ్మినవాడు బఫింగ్ చేయించి ఉంటాడు. నాకు నచ్చలేదు. బఫ్ పెడితే ఇత్తడి పైపొర పోతుంది, దాంతోపాటే కంపెనీ ముద్ర కూడా అరిగిపోతుంది. ఇహ అది ఏ ఏటిదో, ఎవరిదో చెప్పే దిక్కుండదు. చింతపండు పెట్టి తోమొచ్చు గానీ, తోమి వెంటనే కడిగెయ్యి. పులుపులో గంటలకొద్దీ నానబెడితే ఇత్తడిలోంచి జింకు పోయి, పైన రాగి ఎర్రగా తేలుతుంది. అమ్మోనియా కలిసిన పాలిషు అసలే వద్దు. పందొమ్మిదో శతాబ్దంలో మన దేశంలోని బ్రిటిష్ సైన్యం తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలం వస్తే ఎవరూ ముట్టుకోకుండానే చీలిపోయేవి. వాటిని నిల్వచేసింది గుర్రపుసాలల్లో. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియాయే ఆ చీలికలకు కారణమని 1921కి గానీ తేలలేదు. స్టవ్వు ట్యాంకు కూడా అలాగే రేకును ఒత్తి చేసినదే, లోపల బిగువు ఉంటుంది. సన్నని చీలికను పాలిషు కప్పేస్తుంది, గాలి కొట్టినప్పుడు బయటపడుతుంది.

మాటు వేసిన ట్యాంకు కొంటే కొను, అరలో పెట్టు, పంపు మాత్రం కొట్టకు. కిరసనాయిలు స్టవ్వులో పెట్రోలు పోయకు. పాతవాటి స్పిరిట్ గిన్నెలోనో పెట్టె లోపలో బూడిదరంగు పీచులాంటిది కనబడితే అది ఆస్బెస్టాస్ అయ్యుండొచ్చు. గీకకు, ఊదకు, తడిపి అలాగే ఉంచు. అరలో పెట్టే ప్రతిదాన్లోనూ నూనె పూర్తిగా వంచేసి, మూత వదులుగా ఉంచు. సంక్రాంతికి వస్తూ నాకోసం ఒకటి తేవాలనుకుంటే, విమానం వాళ్లను ముందే అడుగు. ఇంధనం వాసన కొట్టే స్టవ్వును ఎక్కనివ్వరు.

మీ అమ్మ ఆ ఫోటో చూసి మొహం చిట్లించిందని నొచ్చుకున్నావు. అక్క తప్పేం లేదు. నీకది కొండమీద టీ కాచిన ఇత్తడి సామాను. ఆవిడ తరానికి తెల్లారుజామున స్పిరిట్ పోసి, హోరుమనే మోత మధ్య కాఫీ పెట్టిన చాకిరీ. అంతకంటే చేదైనది ఇంకొకటుంది. ఆ రోజుల్లో పేపర్లో ‘స్టవ్వు పేలి గృహిణి మృతి’ అని లోపలి పేజీలో నాలుగు లైన్ల వార్త తరచూ వచ్చేది. కొన్ని నిజంగా ప్రమాదాలే. అన్నీ కావని వీధిలో అందరికీ తెలుసు. కట్నం కోసం కోడళ్లను తగలబెట్టి నెపం స్టవ్వు మీద తోసేసినవాళ్లు ఉన్నారు. ఐపీసీలో 1983లో 498-ఎ, 1986లో 304-బి సెక్షన్లు ఊరికే రాలేదు. రిపేరు చేసేవాణ్ణి గనక నాకు ఒకటి మాత్రం తెలుసు: వాషరు పోయిన స్టవ్వు చాలాసార్లు ఆరిపోతుంది, పేలిపోదు. ఆ వార్తలు చదివినప్పుడల్లా మా నాన్న పేపరు మడిచి అవతల పడేసేవాడు. అక్క వచ్చినప్పుడు వాటిని చూపించి మురిసిపోకు. ఆవిడ చెబితే విను.

తర్వాత ఇళ్లకి గ్యాసొచ్చింది. 1999లో దీపం పథకం పెట్టాక పల్లెల్లో కూడా సిలిండర్లు కనబడ్డాయి. పంపు స్టవ్వులు ఇత్తడి తూకానికి వెళ్లిపోయాయి. మా కొట్టులోవీ అలాగే పోయాయి. అందుకే ఇక్కడ వెతికితే మంచివి దొరకడం కష్టం.

ఇంకెన్ని కొనాలన్నావు. నా మాట వింటే ఆపెయ్యి. బీరువా నిండా ఒకే రకానివి ఉంటే అది కొట్టవుతుంది. మంట హోరుమని మోగే బర్నరుదొకటి, చిల్లుల టోపీ వేసి మోత తగ్గించిన బర్నరుదొకటి, పంపు లేని స్వేయా, పెట్టెలో ముడుచుకునే ఆ నీలం ఆప్టిమస్ 8ఆర్ ఉంటే కథంతా వచ్చేస్తుంది. ఆ నీలం పెట్టెకు రంగు లేచిపోయిన చోట కొత్త రంగు వేయకు. దెబ్బ తగిలిన ఒకదాన్ని పూర్తిగా విప్పి, పంపు కడ్డీ, వాషరు, వాల్వు, నిపిల్, గొట్టం వరసగా ఒక చెక్కమీద బిగించు. ఇంటికొచ్చిన పిల్లలు మెరిసేవాటిని ఒక్కసారి చూసి వదిలేస్తారు, దీని దగ్గర నిలబడి ఇదేంటి అదేంటి అని అడుగుతారు. ఒక్కటి మాత్రం వెలిగే స్థితిలో ఉంచు, వేసవిలో ఆరుబయట దానిమీద టీ పెట్టు. ఇంట్లోనూ టెంటులోనూ వద్దు. మూసిన చోట కార్బన్ మోనాక్సైడు వాసన కూడా రాకుండా మనిషిని తీసుకుపోతుంది.

ఒక పని చెయ్యి. 1911 నుంచి ప్రైమస్ వాళ్లు ఏ ఏడు తయారైందో తెలిసేలా ట్యాంకు మీద ఒక అక్షరం కొట్టేవారు. ఈసారి ఫోటోలు తీసేటప్పుడు ముందువైపు చాలు, స్టవ్వు తిరగేసి అడుగు భాగం తియ్యి. పక్కనుంచి లైటు వేస్తే అరిగిన ముద్ర కూడా నీడలో కనబడుతుంది. ఏది ఎక్కడ ఎవరి దగ్గర కొన్నావో కూడా రాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, ఉత్తరంలో రాయి, దాచుకుంటాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య