తాబేటి గ్రుడ్ల సంరక్షణ: అనుభవము నేర్పిన పాఠములు

అంతర్వేది మొదలు కాకినాడ ఎదుటనున్న హోప్ ఐలాండ్ వరకు గల గోదావరి డెల్టా తీరమునకు ఏటేటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకై వచ్చును. రాత్రివేళ మూరెడు లోతు గొయ్యి తీసి, నూరు వరకు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి తల్లి సముద్రములోనికి పోవును. కుక్కలు, నక్కలు వానిని త్రవ్వి తినకుండ అటవీ శాఖవారు గ్రుడ్లను తెచ్చి, కంచె వేసిన ఇసుకలో పాతి పొదిగించుచుండుట తీరగ్రామముల పంచాయతీ సభ్యులకు తెలిసినదే.

ఇది కోడిగ్రుడ్లు పొదిగించుట వంటిది కాదు. పెట్ట తన గ్రుడ్లను తానే తిప్పుచుండును. తాబేటి గ్రుడ్డును తిప్పినచో పిండము చచ్చును. పెట్టిన కొన్ని గంటలలోనే పిండము గ్రుడ్డు పైభాగపు పొరకు అంటుకొనుటయే ఇందుకు కారణము. కావున తెల్లవారకముందే, పైవైపు పైననే యుండునట్లు తరలించవలెను. గొయ్యి కూడ తల్లి త్రవ్వినట్లే కూజా వలె మూతి ఇరుకుగా, అడుగు వెడల్పుగా నుండవలెను.

అసలు చిక్కు వేడిమిలో నున్నది. బల్లి, ఉడుము, మొసలి వలె తాబేలును సరీసృపమే. తన వేడిమిని తాను పుట్టించుకొనజాలదు. 1970 తరువాత పలు దేశములలో గ్రుడ్లను థర్మోకోల్ పెట్టెలలో పొదిగించిరి. పిల్లలు చక్కగా వెలువడెను, అందరును సంతసించిరి. అయితే సముద్రపు తాబేటిపిల్ల ఆడదగుటయో మగదగుటయో పొదుగునప్పటి వేడిమిని బట్టి యుండునని 1979లో యింటెమా, మ్రొసొవ్‌స్కీ అను శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. సుమారు 29 డిగ్రీల సెంటీగ్రేడుకు తగ్గినచో మగవి, హెచ్చినచో ఆడవి అధికమగును. చల్లని పెట్టెలలో మగపిల్లలే హెచ్చుగా పుట్టుచుండినట్లు 1982 నాటికి తేలెను. పిల్ల పెరిగి గ్రుడ్లు పెట్టుటకు పదియేండ్లకు మించి పట్టును గనుక ఇట్టి పొరపాటు చాలకాలము కంటికి కనబడదు.

కావున సరుగుడు తోట నీడ చల్లగా నున్నదని అక్కడ గ్రుడ్లు పాతుట తగదు. మార్చి, ఏప్రిల్ ఎండలకు ఇసుక మరీ కాగినచో పిండములే నశించును; అప్పుడు తాటాకు పందిరి అవసరమే. నీడ ఎంత వేయవలెనో ఇసుకలోని థర్మామీటరు చెప్పవలెను గాని మన యూహ కాదు. కాపలా సాధ్యమైన చోట గ్రుడ్లను కదల్చకుండుటయే మేలని మా అభిప్రాయము.

ఏడెనిమిది వారములకు పిల్లలు వెలువడును. పెద్దలెవరో వచ్చి విడిచిపెట్టుదురని వానిని ఉదయము వరకు తొట్టెలలో నుంచుట కొన్నిచోట్ల వేడుకగా మారినది. పుట్టిన తొలి గంటల బలముతోనే పిల్ల అలలు దాటి పోవలెను. తొట్టెలో కొట్టుకొనుచు ఆ బలమును పోగొట్టుకొన్న పిల్ల కెరటములకు ఆగదు. వెలువడిన రాత్రియే విడువవలెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ తాబేళ్లకు పూర్తి రక్షణ నిచ్చుచున్నది. అనుమతి లేక గ్రుడ్లు తీయుట నేరము. గ్రుడ్లున్న చోటు కనబడినచో అటవీ ఉద్యోగులకు తెలుపవలెను. పిల్లలు వెలుగువైపు నడచును గనుక, జనవరి నుండి మే వరకు ఒడ్డుననున్న వీధిదీపములకు సముద్రము వైపు రేకు మరుగు పెట్టించుటకు పంచాయతీ తీర్మానము చేయవచ్చును.