నీటి కవాటాలు

చెరువు నిండినంత మాత్రాన పొలం పండదు. ఏ వేళకు ఎంత నీరు వదలాలో ఎరిగినవాడు తూము వద్ద ఉండాలి. మన పల్లెలలో ఆ బాధ్యతను నీరుగంటి వహించేవాడు. తెలంగాణలో అతనినే నీరటి అన్నారు. నగరాలకు తాగునీరందించే ఆధునిక శుద్ధి కేంద్రాలలో ఆ పనిని విద్యుత్ యంత్రాలు నిర్వర్తిస్తున్నాయి. వాటికి యాక్చువేటర్లని పేరు.

'కవాటం' అనే సంస్కృత పదానికి తలుపు అని అర్థం. కోట గుమ్మానికుండే కవాటమే శరీరశాస్త్రంలో గుండెలోకి, యంత్రశాస్త్రంలో గొట్టంలోకి ప్రవేశించింది. 'వాల్వు'కు మూలమైన లాటిన్ పదానికి కూడా తలుపు రెక్క అనే అర్థం. దూరదూరాన ఉన్న రెండు భాషలు ఒకే పోలికను ఆశ్రయించడం ముచ్చటైన విషయం.

నది నీటిలో పటిక కలిపితే సన్నని మట్టి రేణువులు ఒకదానితో ఒకటి చేరి, బరువెక్కి అడుగుకు దిగుతాయి. మిగిలిన మలినాన్ని ఇసుక పొరలు పట్టుకుంటాయి. తరువాత క్లోరిన్ కలుపుతారు. వీటిలో కవాటాలకు ఎక్కువ పని ఇసుక పొరల వద్దనే. కొంతకాలానికి ఇసుక మలినంతో పూడుకుపోతుంది. అప్పుడు లోనికి వచ్చే నీటిని, శుద్ధజలం వెళ్ళే దారిని మూసి, మురుగు దారిని తెరిచి, అడుగు నుండి గాలిని, నీటిని పైకి పంపి ఇసుకను కడగాలి. కడిగిన వెంటనే వడిసే తొలి నీరు కలకగా ఉంటుంది. దానిని వెలుపలికి వదిలే ఆ కొద్ది నిమిషాలు శుద్ధజల కవాటం తెరుచుకోరాదు.

వడపోత విఫలమైతే ఎంత అనర్థమో 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరం చవిచూసింది. క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి తాగునీటిలో చేరగా సుమారు 4 లక్షల మంది రోగగ్రస్తులయ్యారు. క్లోరిన్‌కు అది సులభంగా లొంగదు. ఇసుకే దానిని ఆపాలి.

యాక్చువేటర్‌లోని మోటారు వడిగా తిరుగుతుంది. పళ్ళచక్రాలు ఆ వడిని తగ్గించి బలాన్ని పెంచి కవాటాన్ని కదిలిస్తాయి. కవాటం చివరికంటా చేరగానే లిమిట్ స్విచ్ మోటారును ఆపుతుంది. నడుమ ఏ కట్టెముక్కో అడ్డుపడితే, పళ్ళు విరగకముందే టార్క్ స్విచ్ ఆపుతుంది. ఎంత తెరవాలో తెలిపే ఆజ్ఞ సాధారణంగా 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ సంకేతంగా వస్తుంది. 4 అంటే పూర్తి మూత, 20 అంటే పూర్తి తెరపి. సున్నాతో ఎందుకు మొదలుపెట్టలేదని విద్యార్థులు అడగవచ్చు. తీగ తెగినా సున్నాయే కదా! ఆజ్ఞకూ, ఆపదకూ తేడా తెలియాలనే ఈ ఏర్పాటు.

మోటారు ఉన్నది కదా అని కవాటాన్ని చటుక్కున మూయరాదు. ఉక్కు గొట్టంలో సెకనుకు 1 మీటరు వేగంతో వచ్చే నీటిని హఠాత్తుగా ఆపితే, సుమారు 100 మీటర్ల ఎత్తున్న నీటిస్తంభం మోపేటంత అదనపు ఒత్తిడి పుడుతుంది. గొట్టం పగలవచ్చు. ఈ ప్రమాదపు లెక్కను రష్యా శాస్త్రజ్ఞుడు జుకోవ్‌స్కీ 1897-98లలో మాస్కోలో ప్రయోగాలు చేసి తేల్చాడు.

కరెంటు పోతే సాధారణ విద్యుత్ యాక్చువేటర్ ఉన్నచోటనే నిలిచిపోతుంది. సగం తెరిచిన కవాటం సగంలోనే ఉంటుంది. అందుకే ప్రతి దానికి ఒక చేతిచక్రం అమరుస్తారు. చాలాకాలం కదలని కవాటం బిగుసుకుపోతుంది కనుక, అవసరం లేకపోయినా సిబ్బంది అప్పుడప్పుడు దానిని తెరిచి మూస్తుంటారు.