లేక్ దగ్గర టెంటు వేసే ముందు

స్కూళ్లకు సెలవులు దగ్గరపడుతున్నాయంటే డాలస్ చుట్టుపక్కల మన తెలుగు తల్లిదండ్రులు పిల్లల డాక్టరుగా నన్ను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "నాలుగు ఫ్యామిలీలు కలిసి టైలర్ స్టేట్ పార్కుకి క్యాంపింగ్‌కి వెళ్దామంటున్నారండీ. మావాడికి ఏడేళ్లు. తీసుకెళ్లొచ్చా?" తీసుకెళ్లండి, నిశ్చింతగా తీసుకెళ్లండి. అయితే ఆ తర్వాత వాళ్లడిగేవన్నీ పురుగుల గురించి, బాత్‌రూముల గురించి, వండి పట్టుకెళ్లిన చికెన్ పాడవుతుందేమోనన్న దిగులు గురించి. నీళ్ల గురించి అడిగేవాళ్లు అరుదు.

చోటు మాత్రం మంచిది. డాలస్ నుంచి తూర్పుగా రెండు గంటలు వెళితే ఎత్తైన పైన్ చెట్లు, వాటి మధ్య ఊట నీళ్లతో నిండిన 64 ఎకరాల చెరువు. ఆర్థికమాంద్యం రోజుల్లో పని లేక తిరుగుతున్న యువకులకు ప్రభుత్వం ఉపాధి చూపించి కట్టించిన పార్కు అది, 1939లో తెరిచారు. టెంటు వేసుకునే సైట్లున్నాయి, కరెంటు, నీళ్ల కనెక్షన్లున్న ఆర్వీ సైట్లున్నాయి, చుట్టూ జాలీ కొట్టిన షెల్టర్లూ ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ "డబ్బులిచ్చి మరీ నేల మీద పడుకోవడమేంట్రా" అంటే ఆవిడ మాటలో న్యాయం ఉంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతోనో చంటిపిల్లతోనో వెళ్లేవాళ్లు ఆర్వీ తీసుకుంటే తప్పేమీ కాదు. అందులో టీవీ ఉన్నా, అది మాత్రం ఇంటికి వచ్చాక చూసుకోవచ్చు.

ఇక పిల్లవాడి సంగతి. మన ఇళ్లలో రాత్రి కూడా పూర్తి చీకటి ఉండదు. ఏసీ రొద, వీధి లైటు, హాల్లో మన మాటలు వింటూ నిద్రపోవడం వాడికి అలవాటు. టెంటులో పడుకున్నప్పుడు బయట ఎండుటాకుల మీద ఏదో నడుస్తుంది. "అమ్మా, అదేంటి?" అంటాడు. "ఏం లేదు, పడుకో" అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ వాడికి నిజంగానే వినిపించింది కదా! తన చెవులైనా తప్పయి ఉండాలి, అమ్మకైనా తెలియకపోయి ఉండాలి. ఈ రెంటిలో ఏదనుకున్నా వాడికి భయం పెరుగుతుందే గాని తగ్గదు. "నాకూ వినిపించింది. రకూనో, ఆర్మడిల్లోనో అయి ఉంటుంది. ఇంకోసారి వస్తుందేమో విందాం" అని చూడండి. టార్చిలైటు వాడి చేతికే ఇవ్వండి, ఎన్నిసార్లు వెలిగించి ఆర్పినా ఊరుకోండి. అర్ధరాత్రి కార్లో పడుకుంటానని ఏడిస్తే కార్లోనే పడుకోబెట్టండి. పొద్దున్నే పదిమందిలో ఆ మాట ఎత్తి నవ్వకండి.

ఇంకో విషయం కాస్త మెల్లగా చెప్పాలి. ఎనిమిదేళ్ల పాప "నాకు పురుగులంటే అసహ్యం, నేను రాను" అని మొండికేస్తుంటే కారణం పురుగులే కాకపోవచ్చు. నిద్రలో పక్క తడిపే పిల్లలు ఆ వయసులో కూడా మనం అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. స్నేహితులందరి మధ్య ఒకే టెంటులో పడుకోవాలంటే ఆ పాపకు ఎంత గుబులుగా ఉంటుందో ఆలోచించండి. రెస్ట్‌రూముకు దగ్గరగా ఉండే సైటు బుక్ చేసుకోండి. వేసుకోవాల్సింది స్లీపింగ్ బ్యాగులో ముందే దాచిపెట్టి, తన చెవిలో మాత్రమే చెప్పండి. పక్క టెంటులో ఉన్న పిన్నికి కూడా ఆ సంగతి తెలియనక్కర్లేదు.

వెళ్లిన మొదటి మధ్యాహ్నం "బోర్ కొడుతోంది" అనడం ఖాయం. ఫోనుకు సిగ్నల్ సరిగా ఉండకపోవచ్చు. మనకేమో కాళ్లూ చేతులూ ఆడవు, వెంటనే అంత్యాక్షరో, ఏదో పోటీయో పెట్టేస్తాం. పెట్టకండి. కాసేపు విసుక్కోనివ్వండి. ఆ తర్వాత పైన్ కాయలు ఏరుతారు, చీమల వెనకాల పోతారు, కర్రపుల్లతో నేల గీస్తారు. పని చేస్తామంటే నిజమైన పనే ఇవ్వండి. టెంటు మేకులు దిగ్గొట్టనివ్వండి, నీళ్ల క్యాను పట్టుకురమ్మనండి. వాడు వంకరగా కొట్టిన మేకును వాడి కళ్లెదుటే పీకి సరిచేయకండి. వర్షం సూచన ఉందంటే చెప్పలేను గాని, లేకపోతే వంకర మేకు మీద కూడా టెంటు నిలబడుతుంది.

మట్టి, పురుగులు, విసుగు లాంటి వాటి విషయంలో మనం పట్టు కాస్త సడలించాలి. గట్టిగా పట్టుకోవాల్సింది నీళ్ల దగ్గర. నొప్పించేదైనా చెప్పక తప్పదు. నలుగురు కలిసి వెళ్లినప్పుడే పిల్లల మీద చూపు పలచబడుతుంది. మగవాళ్లు గ్రిల్ దగ్గర, ఆడవాళ్లు పులిహోర ట్రేల దగ్గర. పిల్లలు వాళ్ల దగ్గరున్నారని వీళ్లు, వీళ్ల దగ్గరున్నారని వాళ్లు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఈతకు దిగేచోట సాధారణంగా లైఫ్‌గార్డులుండరు. సినిమాల్లోలా మునిగే పిల్లవాడు చేతులూపి కేకలు పెట్టడు. నోరు నీటిపైకి వచ్చిన ఆ కాస్త క్షణం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు, ఇక అరుపెక్కడిది? అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల మధ్య పిల్లల మరణాలకు మొదటి కారణం నీటమునగడమే. మనలో చాలామందికి ఈత రాదన్నదీ దాచుకోవాల్సిన విషయం కాదు.

అందుకని ఒక టోపీ తీసుకెళ్లండి. అది పెట్టుకున్నవాళ్ల పని పదిహేను నిమిషాలపాటు నీళ్లలోని పిల్లల్ని చూస్తూ ఉండడం. ఫోను, కబుర్లు అన్నీ ఆ తర్వాతే. సమయం అవగానే టోపీ ఇంకొకరి తలకెక్కాలి. మరీ చిన్నపిల్లలైతే చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పెద్దవాళ్లు నీళ్లలోనే ఉండాలి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులు, లైఫ్ జాకెట్లు కావు. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపూ 13 ఏళ్లలోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని టెక్సస్ చట్టం.

చలి రాత్రుల గురించి కూడా ఒక్క మాట. చల్లారిందనుకున్న బొగ్గుల కుంపటిని గానీ, స్టవ్‌ను గానీ వెచ్చదనం కోసం టెంటులోకి తేవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. చలేస్తే ఇంకో దుప్పటి కప్పండి.

పార్కు ఆఫీసులో చెక్-ఇన్ చేసేటప్పుడు లైఫ్ జాకెట్లు అరువిస్తారేమో అడగండి. చాలా టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఉచితంగానే ఇస్తారు. మీ పిల్లల బరువుకు సరిపోయేది అక్కడ దొరకదేమోనన్న అనుమానం ఉంటే ఇక్కడే కొని పట్టుకెళ్లండి. అది లేకుండా మాత్రం పిల్లల్ని పడవ ఎక్కించకండి.