తగ్గిన మైలేజీ, పొద్దుటి తలనొప్పి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. ముదిగుబ్బలో సొంతంగా బొలెరో పికప్ నడుపుకుంటున్నాను. టమోటా మదనపల్లె మండీకి, చీనీకాయలు అనంతపురానికి వేస్తుంటాను. డిసెంబరు వచ్చిందంటే బండి మైలేజీ పడిపోతుంది. ఇంజను వేడెక్కితే డీజిల్ కలిసొస్తుందని మా వాళ్లు చెప్పినందుకు, తెల్లవారుజామున 3 గంటలకు ఇంటి పక్క రేకుల షెడ్డులోనే బండి స్టార్ట్ చేసి పావుగంట, ఇరవై నిమిషాలు అలాగే వదిలేస్తాను. చలిగాలి రాకుండా షట్టర్ సగం దించుతాను. ఆ కాసేపు అక్కడే కూర్చుని టీ తాగుతాను. సంక్రాంతి దాకా రోజూ తలనొప్పి, ఒక్కోసారి వాంతి వచ్చినట్టు ఉంటుంది. రోడ్డెక్కాక గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. బండి తీయని రోజు ఏ నొప్పీ ఉండదు. బీపీ, షుగర్ చూపించుకున్నాను, బాగానే ఉన్నాయి. కళ్లజోడు మార్చాను. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. షెడ్డు పక్క గదిలో పడుకునే మా పాప కూడా లేవగానే తలనొప్పి అంటోంది. చలి పడకనా, సైనసా?
- ఒక పికప్ డ్రైవర్, ముదిగుబ్బ

జవాబు: మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి, బండి తీయని రోజు నొప్పి లేదన్నారు. రెండోది, పాపకూ తలనొప్పే అన్నారు. సైనస్ ఆదివారం సెలవు తీసుకోదు. చలికి వచ్చే తలనొప్పి అయితే, దుప్పటి కప్పుకుని పడుకున్న పిల్లకు రావాల్సిన పని లేదు. మీ ఇద్దరూ పీలుస్తున్నది ఒకటే, ఆ షెడ్డులో నిండిన ఇంజను పొగ. అందులో నేను ముందుగా అనుమానించేది కార్బన్ మోనాక్సైడ్‌ని. ఇది చదివిన రోజు నుంచే షెడ్డులో బండి వేడెక్కించడం ఆపేయండి. మిగతా సంగతులు తర్వాత చూద్దాం.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ముక్కుకు ఘాటుగా తగిలే పొగ వేరు, దాంతోపాటే నిశ్శబ్దంగా వచ్చే ఈ విషం వేరు. మన రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్నాక, మామూలు గాలి పీలుస్తూ ఉంటే సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. ముందు బాధపడేవి మెదడు, గుండె. అందుకే తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఒంట్లో సత్తువ లేనట్టు ఉండటం మొదట కనిపిస్తాయి. మోతాదు పెరిగితే మనిషి తికమక పడతాడు, లేచి బయటికి నడవాలన్న ఆలోచన కూడా రాదు. అలాగే స్పృహ తప్పుతుంది. ఇదంతా మీకు చెప్పడం భయపెట్టడానికి కాదు. మూడు గంటల వేళ మత్తుగా ఉన్న తలతో, లోడు బండితో, మీరు హైవే ఎక్కుతున్నారు. నా బెంగ దాని గురించి కూడా.

పెట్రోలు ఇంజనుతో పోలిస్తే డీజిల్ ఇంజను కార్బన్ మోనాక్సైడ్‌ను తక్కువే వదులుతుంది, నిజమే. కానీ మూసిన షెడ్డులో ఆ తక్కువ కూడా పోగవుతుంది. పైగా డీజిల్ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు, కళ్లు మండించే వాయువులు, ఊపిరితిత్తుల లోతుకు దిగే సన్నటి మసి ఉంటాయి. డీజిల్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చి, మొదటి వర్గంలో చేర్చింది. మీకు ఎన్నో ఏళ్లు పని చేయాల్సిన ఊపిరితిత్తులు ఉన్నాయి, పాపకు ఇంకా ఎదుగుతున్నవి ఉన్నాయి.

ఒక జాగ్రత్త. కరోనా తర్వాత చాలా ఇళ్లలో వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ ఉంది. ఈ విషయంలో దాన్ని నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కేసి 98 అని చూపిస్తుంది. రక్తంలో కార్బాక్సీ హీమోగ్లోబిన్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. పొగతాగని వారిలో అది 1, 2 శాతం ఉంటుంది, పొగతాగేవారిలో 10 దాకా ఉండొచ్చు. అయితే మీరు మండీలో సరుకు దించి, ఎండెక్కాక ఆస్పత్రికి వస్తే అప్పటికి అది చాలావరకు దిగిపోయి ఉంటుంది. రిపోర్టు మామూలుగా వచ్చిందని సంబరపడొద్దు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది, ఇంట్లో ఇంకెవరికి వస్తోంది అన్న మీ కథే ఇక్కడ పెద్ద పరీక్ష. వారం రోజులు బండి ఆరుబయట స్టార్ట్ చేసి చూడండి. మీ నొప్పీ పాప నొప్పీ రెండూ పోతే జబ్బేమిటో తేలినట్టే. పోకపోతే నన్నో మీ దగ్గరి డాక్టరునో కలవండి, వేరే కారణాలు వెతుకుదాం. గుండెలో నొప్పి, మాట తడబడటం, స్పృహ తప్పడం వంటివి ఎప్పుడు కనిపించినా మనిషిని వెంటనే బయటి గాలికి తీసుకెళ్లి 108కి ఫోన్ చేయండి. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే, గంటల్లో పోయే విషం గంటా గంటన్నరలో సగానికి దిగుతుంది.

ఇక మైలేజీ సంగతి. డాక్టరుకు ఇదెందుకు అనుకోవద్దు, మీ తలనొప్పి మూలం అక్కడే ఉంది. చల్లగా ఉన్న ఇంజనులో సిలిండరు గోడలు చల్లగా ఉంటాయి. చిమ్మిన డీజిల్ పూర్తిగా మండదు. స్టార్ట్ చేయగానే వచ్చే తెల్లటి పొగలో చాలా భాగం మండని డీజిలే. అంటే మీ జేబులోంచి పోయిందీ, మీ ఛాతీలోకి వచ్చిందీ ఒకటే సరుకు. దానికి తోడు ఇంజను ఆయిలు, గేరుబాక్సు ఆయిలు, వెనక హౌసింగులో ఆయిలు రాత్రి చలికి పేరుకున్న కొబ్బరినూనెలా చిక్కబడతాయి. వాటిని కలియబెట్టుకుంటూ తిరగడానికే కొంత బలం ఖర్చయిపోతుంది.

మీకు ఇరవై నిమిషాలు వేడెక్కించమని సలహా ఇచ్చినవారు ఒక సంగతి వదిలేశారు. డీజిల్ ఇంజను ఖాళీగా ఆడుతుంటే త్వరగా వేడెక్కదు, దాని మీద పని పడినప్పుడే వేడెక్కుతుంది. నిలబెట్టి ఆడించినంతసేపూ గేరుబాక్సు, హౌసింగు, టైర్లు చల్లగానే ఉంటాయి. ఈ సైజు ఇంజను ఖాళీగా ఆడితే గంటకు సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగుతుంది. రోజూ ఇరవై నిమిషాల లెక్కన నెలకు 5 నుంచి ఏడున్నర లీటర్లు ఒక్క కిలోమీటరు కూడా నడవకుండా పోతాయి. స్టార్ట్ చేశాక అర నిమిషం, మరీ చలిగా ఉంటే నిమిషం చాలు. ఆ తర్వాత మొదటి నాలుగైదు కిలోమీటర్లు రేజ్ చేయకుండా మెల్లగా పోనివ్వండి.

అయినా మన ముదిగుబ్బ చలి ఎంతని? డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఈ చలికి డీజిల్ గడ్డకట్టదు. ఆ బాధ లడఖ్ వాళ్లది. వాళ్ల కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల్లోనూ పారే డీజిల్ తెచ్చింది. మన దగ్గర చలి ఒక్కదాని వల్ల మైలేజీ కొద్దిగానే తగ్గాలి. ఎక్కువగా పడిపోయిందంటే వేరే కారణాలు చూసుకోవాలి. టైర్లలో గాలి మొదటిది. ప్రతి 5, 6 డిగ్రీల చలికి సుమారు 1 పాయింటు గాలి దిగుతుంది, లోడు టైర్లలో ఇంకొంచెం ఎక్కువే. ఎండలో నింపించిన గాలి తెల్లవారేసరికి చాలదు. పొద్దున బండి కదలకముందు చూపించుకోండి. రెండోది లోడు ఎత్తు. 35 డిగ్రీల గాలి కంటే 15 డిగ్రీల గాలి 7 శాతం దట్టంగా ఉంటుంది. క్యాబిన్ మీదికి లేచేలా పేర్చిన టమోటా బాక్సులతో ఆ గాలిని చీల్చుకుంటూ పోవాలి. మూడోది దారి. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు, అనంతపురం దాంట్లో సగం. లోడుతో మదనపల్లె ట్రిప్పులు ఎక్కువ పడిన నెలలో మైలేజీ తగ్గితే ఆ తప్పు చలిది కాదు. తోటతోటకూ ఆగుతూ బాక్సులు ఎత్తుకునే రోజుల్లో కూడా ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపాల్సి వస్తుంది, అప్పుడూ ఎక్కువ తాగుతుంది.

షెడ్డు తప్ప వేరే చోటు లేకపోతే, రాత్రి బండిని ముందుకు పోనిచ్చి పెట్టండి. పొద్దున షట్టర్ పూర్తిగా ఎత్తి, స్టార్ట్ చేసిన వెంటనే వెనక్కి తీసి వీధిలో నిలపండి. పొగ గొట్టం వాకిలి వైపు ఉంటుంది కాబట్టి పొగ లోపల నిలవదు. షెడ్డుకూ పాప పడుకునే గదికీ మధ్య కిటికీయో సందో ఉంటే మూయించండి. టీ మాత్రం ఇంట్లోనే తాగండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు. కిందటేడు పికప్ కొన్నాడు. చలికాలం పెట్రోలు విపరీతంగా తాగుతోందట. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజ్‌లోనే, లోపల కూర్చుని రిమోట్‌తో ముందుగా స్టార్ట్ చేస్తానని చెప్పాడు. కోడలికి ఏడో నెల. పైన మీరు చెప్పేదంతా వాళ్లకూ వర్తిస్తుందా?
- ఒక తల్లి, ధర్మవరం

జవాబు: వర్తిస్తుంది తల్లీ, ఇంకా ఎక్కువగా. అక్కడి చలి అసలైన చలి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల్లో వచ్చే మైలేజీ, మైనస్ 7 డిగ్రీల్లో ఊళ్లో తిరిగితే సుమారు 15 శాతం తగ్గుతుంది. ఐదారు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా తగ్గొచ్చు. మీవాడి బండిలో లోపమేమీ లేకపోవచ్చు. అక్కడ శీతాకాలంలో అమ్మే పెట్రోల్లోనే శక్తి కాస్త తక్కువ, దానికి తోడు హీటరు, అద్దం మీద మంచు కరిగించే ఫ్యాను. పెట్రోలు బండిలో పొగను శుభ్రం చేసే కన్వర్టరు బాగా వేడెక్కితే గానీ పనిచేయదు. అందుకే స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల పొగే అన్నిటికంటే విషపూరితం. మీవాడు ఆ నిమిషాలను గరాజ్‌లో గడిపిస్తున్నాడు. గరాజ్ తలుపు తెరిచి ఉంచినా కార్బన్ మోనాక్సైడ్ సందుల్లోంచి ఇంట్లోకి వస్తుంది.

కడుపులో బిడ్డ హీమోగ్లోబిన్ దీన్ని తల్లి కంటే గట్టిగా పట్టుకుంటుంది, నెమ్మదిగా వదులుతుంది. తల్లికి చిన్న తలనొప్పితో పోయినది బిడ్డకు ప్రమాదం కావచ్చు. అగ్ని ప్రమాదాలను మినహాయించినా అమెరికాలో ఏటా 400 మందికి పైగా ఈ వాయువుతో ప్రమాదవశాత్తు చనిపోతున్నారు. అక్కడ దొరికే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడక గదుల దగ్గర ఒకటి పెట్టించమనండి. బండి బయటికి తీశాకే వేడెక్కించమనండి. మరీ చలి ఎక్కువైతే ఇంజనును కరెంటుతో వేడిగా ఉంచే బ్లాక్ హీటర్లు దొరుకుతాయి, వాటితో మైలేజీ కూడా కొంత కలిసొస్తుంది. ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి.

ప్రశ్న: మా తమ్ముడికి ఆస్తమా. పికప్‌లో లోడింగ్ పనికి వెళ్తాడు. తిరిగొచ్చేటప్పుడు చలికి వెనక బాడీలో పట్ట కప్పుకుని పడుకుంటాడు. ఇంటికొచ్చేసరికి ఆయాసం, తలపోటు. ఇన్‌హేలర్ మార్చాలా?
- ఒక అక్క, బత్తలపల్లి

జవాబు: ముందు కూర్చునే చోటు మార్చాలమ్మా. చల్లటి పొడి గాలికి ఆస్తమా ఉన్నవారి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి, అది మీకు తెలిసిన సంగతే. చాలామందికి తెలియనిది ఇంకొకటి. బండి పోతుంటే దాని వెనక గాలి సుడి తిరిగి, పొగను మళ్లీ బాడీలోకే లాక్కొస్తుంది. పట్ట కప్పితే అది లోపలే నిలుస్తుంది. సియాటిల్‌లో డాక్టర్లు 1992లో ఒక వైద్య పత్రికలో 20 మంది పిల్లల కేసులు రాశారు. అందరూ పికప్ వెనక కూర్చుని వెళ్తూ కార్బన్ మోనాక్సైడ్ బారిన పడినవారే. 17 మంది మూసిన కప్పు కింద ఉన్నారు, ముగ్గురు మన తమ్ముడిలాగే పట్ట కింద ఉన్నారు. ఆ 20 మందిలో ఒకరు చనిపోయారు.

ఇన్‌హేలర్ ఇప్పటిలాగే వాడనివ్వండి. డాక్టరు రోజూ వాడమన్నది ఒంట్లో బాగున్నా మానకూడదు, ఆయాసానికి వాడేది జేబులో ఉండాలి. ముక్కూ నోరూ కప్పేలా తువ్వాలు చుట్టుకోమనండి, లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది.

పికప్ యజమానులకు నా విన్నపం ఒకటుంది. కూలీలను, పిల్లలను వెనక బాడీలో ఎక్కించుకోకండి. చలి వేస్తోందని పట్ట అసలు కప్పనివ్వకండి. క్యాబిన్‌లో చోటు చాలకపోతే మిగిలినవారిని బస్సెక్కించండి. ఆ టికెట్ డబ్బులు మీరే ఇవ్వండి.