పానం నిమ్మలం: సమ్మోహన చికిత్స, ఒక భివండి గొంతు

విరాటపర్వంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తాడు. కౌరవ వీరులు మైమరచి పడిపోతారు. ఉత్తరకుమారుడు రథం దిగి వాళ్ల పైబట్టలు ఒలుచుకొస్తాడు, బొమ్మలకు కట్టడానికి రంగురంగుల బట్టలు కావాలని ఉత్తర ముందే అడిగింది కాబట్టి. క్లాసులో ఇక్కడ అందరం నవ్వుతాం. ఆ నవ్వులో ఒక సంగతి జారిపోతుంది. భీష్ముడి దగ్గరికి మాత్రం పోవద్దని అర్జునుడు హెచ్చరిస్తాడు. ఆ అస్త్రానికి విరుగుడు ఆయనకు తెలుసు, అందుకే పడిపోలేదు.

హిప్నాటిజానికి తెలుగులో ఈ సమ్మోహనం అనే మాటే స్థిరపడింది. దాని పక్కనే వశీకరణం అని ఇంకోటి. రెండిట్లోనూ వేసేవాడు ఒకడు, పడేవాళ్లు ఇంకొకరు. సినిమాల్లో గొలుసు గడియారం ఊపే విలన్‌ని చూసి చూసి, మనకు అదే నిజమనిపిస్తుంది. ఇంట్లో ఎవరైనా ఆడపిల్ల "హిప్నోథెరపీకి పోతున్నా" అంటే ముందు భయపడేది తల్లే. ఆ భయంలో పేరు చేసిన తప్పు చాలా ఉందని నా అభిప్రాయం. ఈ చికిత్సలో పనిచేసేది మన ధ్యాస, మన మాట. మాట అంటే నిజంగానే మాట: మన భాష, మన యాస. తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద ఈ విషయం రాయడం అందుకే.

చరిత్ర కొంచెం చెప్పుకోవాలి. 18వ శతాబ్దం చివర పారిస్‌లో ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు ఒక అయస్కాంత శక్తితో రోగాలు కుదురుస్తానని చెప్పేవాడు. 1784లో ఫ్రాన్సు రాజు ఒక విచారణ సంఘం వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా అందులో ఉన్నాడు. అలాంటి శక్తి ఏదీ లేదు, జరిగేదంతా ఊహ వల్లేనని వాళ్లు తేల్చారు. బాగానే ఉంది, కానీ ఊహకే అంత బలం ఉంటే దాని సంగతేమిటి? ఆ దారిలో నడిచినవాడు మన పొరుగు మనిషి, గోవాలోని కండోలిమ్‌లో 1756లో పుట్టిన అబ్బే ఫారియా అనే క్రైస్తవ పూజారి. 1813లో పారిస్‌లో జనం ముందు ప్రదర్శనలు ఇచ్చాడు. మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని నిద్ర మీదే ధ్యాస పెట్టమనేవాడు. నా దగ్గర ఏ శక్తీ లేదు, ఉన్నదంతా ఆ కూర్చున్న మనిషిలోనే ఉంది అన్నది ఆయన వాదం. 1819లో చనిపోయాడు. పణజిలో ఆయన విగ్రహం ఉంది, 1945లో పెట్టారు. అందులో ఆయన రెండు చేతులూ చాచి నిలబడి ఉంటాడు, ఎదురుగా ఒక స్త్రీ వెనక్కి ఒరిగి పడిపోతూ ఉంటుంది. ఆయన జీవితమంతా ఏది కాదన్నాడో, సరిగ్గా దాన్నే కంచులో పోత పోశారు. పడిపోయేది స్త్రీయే ఎందుకు కావాలో మాత్రం నన్నడగొద్దు!

హిప్నాటిజం అనే పేరు వ్యాప్తిలోకి తెచ్చినవాడు జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాట్లండ్ శస్త్రవైద్యుడు. 1841లో మాంచెస్టర్‌లో ఒక ప్రదర్శన చూసి, అందులో మోసమెంతో నిజమెంతో తేల్చుకుందామని మొదలుపెట్టి, 1843లో పుస్తకమే రాశాడు. హిప్నోస్ అంటే గ్రీకుల నిద్రాదేవుడు. తర్వాత ఇది నిద్ర కాదు, మనసు ఒకే ఊహ మీద నిలవడం అని గ్రహించి పేరు మార్చాలని చూశాడు. అప్పటికే పాత పేరు జనం నోళ్లలో నానిపోయింది. మాంచెస్టర్ అంటే ఆనాడు నూలు మిల్లుల ఊరు, మరమగ్గాల చప్పుడు ఊరు. అక్కడినుంచి భివండికి రావడం నాకు తేలిక.

భివండి మహారాష్ట్రలో, థానె జిల్లాలో ఉంది. తెలంగాణ పల్లెల్లో చేమగ్గం చితికిపోయాక పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, బొంబాయి, సూరత్, భివండి పట్టుకుని పోయాయి. భివండిలో పద్మానగర్ పేటకు పోతే ఇప్పటికీ కరీంనగర్, వరంగల్, నల్లగొండ మాటలు వినిపిస్తాయి. మా పెద్దమ్మ వాళ్లు అలా పోయినవాళ్లే. మరమగ్గాన్ని మావైపు సాంచా అంటారు. షెడ్డులో 12 గంటల పాళి. ఒక్క మనిషి నాలుగైదు సాంచాలు చూసుకోవాలి, పడుగు పోగు తెగితే కట్టాలి, నాడెలో కండె అయిపోతే మార్చాలి. నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు. సైగ చెయ్యాలి, లేదంటే చెవిలో అరవాలి. ఏళ్ల తరబడి ఆ చప్పుడులో ఉన్నవాళ్లకు చెవులు మందగిస్తాయి. ఇంటికి వచ్చాక కూడా అరిచినట్టే మాట్లాడతారు. కొత్తవాళ్లకు అది కొట్లాటలా ఉంటుంది.

పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క, ఆ గట్టి గొంతులోనే మాటలు నేర్చుకుంది. చదివింది మరాఠీ మీడియం, బజారులో హిందీ, ఇంట్లో మన తెలుగు. ఏ భాషలో మాట్లాడినా గొంతు మాత్రం సాంచాల షెడ్డుదే. "గింత గట్టిగ ఎందుకు ఒర్రుతవ్" అని చుట్టాలు అన్నారు, బడిలో పిల్లలు చెవులు మూసుకుని ఎగతాళి చేశారు. అక్క మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. తర్వాత తక్కువ మాట్లాడింది. డిగ్రీకి వచ్చేసరికి నలుగురి ముందు నిలబడితే గొంతు పూడుకుపోయేది, చేతులు చల్లబడేవి. సెమినార్ రోజుల్లో కాలేజీ ఎగ్గొట్టింది. చదువు మానేస్తానంది. తను మానేస్తే కండెలు చుట్టుకుంటూ ఇంట్లో ఉండడమే. పెద్దమ్మ వద్దు వద్దని మొత్తుకున్నది దానికే. ఎవరో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. చివరికి కాలేజీలో ఒక మేడమ్ ద్వారా థానెలో ఒక సైకాలజిస్టు దగ్గరికి చేరింది. ఆవిడ కౌన్సెలింగ్‌తో పాటు హిప్నోథెరపీ కూడా చేస్తారు. (అక్క రాసుకోమంది, పేరు మాత్రం వద్దంది.)

అక్కడ జరిగింది పాఠంలా చెప్తాను, ఎందుకంటే నిజంగానే పాఠం. కుర్చీలో కూర్చోబెట్టారు. ఊపిరి గమనించమన్నారు, ఒంట్లో ఒక్కో భాగాన్నీ వదులు చేయమన్నారు, పది నుంచి ఒకటికి లెక్కపెట్టారు. తర్వాత సూచనలు, చివర్లో మళ్లీ లెక్కపెట్టి కళ్లు తెరిపించారు. మొదటినుంచి చివరిదాకా అక్కకు తెలివి ఉంది, బయట ఆటో హారన్ కూడా వినపడింది. "నేను పడుకోలేదు, గిదేం హిప్నాటిజం" అని ఫోన్‌లో నవ్వింది. ఉండేది అలాగే.

మొదటి రెండుసార్లూ పెద్దగా పని చెయ్యలేదు. ఆ డాక్టరమ్మది కోస్తా తెలుగు, పైగా పుస్తకం తెలుగు. "మీ శరీరం విశ్రాంతి పొందుతోంది, చుట్టూ ప్రశాంతమైన నిశ్శబ్దం" అనేవారట. విశ్రాంతి అనగానే అక్కకు పరీక్షలో ప్రశ్నపత్రం గుర్తొచ్చేది. నిశ్శబ్దం ఇంకా చిక్కు. భివండిలో సాంచాలు ఆగిపోతే కరెంటు పోయినట్టు, లేదా నూలు రానట్టు. ఏదైనా కూలి లేనట్టే. 2020 లాక్‌డౌన్‌లో నెలల తరబడి ఆ పేట మూగబోయింది. అప్పుడు ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసి చూసిన పిల్లకు నిశ్శబ్దం ప్రశాంతంగా ఎలా ఉంటుంది? గుండె దడ ఇంకా పెరిగిందట.

ఆ మాట అక్క బయటకు చెప్పింది. డాక్టరమ్మ విన్నది. అక్కడే దారి మారింది. "మరి నీకు హాయిగా అనిపించేది ఎప్పుడు? మీ మాటల్లోనే చెప్పు" అన్నారట. అమ్మ పక్కన కూసోని కండెలు చుట్టేటప్పుడు, రాట్నం తిరుగుతుంటే, దూరంగ సాంచాలు ఆడుతుంటే, అప్పుడు పానం నిమ్మలముంటది అని అక్క చెప్పింది. పానం అంటే ప్రాణమే, కానీ మావైపు ఆ మాటలో ఒళ్లూ మనసూ రెండూ ఉంటాయి. "పానం మంచిగ లేదు" అంటే జ్వరం కావచ్చు, దిగులు కావచ్చు. ఆ తర్వాతి కూర్చోవడాల్లో పూలతోట, సముద్రం పోయాయి, రాట్నం వచ్చింది. నిశ్శబ్దం స్థానంలో దూరపు సాంచాల చప్పుడు వచ్చింది. విశ్రాంతి పోయి నిమ్మలం వచ్చింది.

సూచన వాక్యం కూడా మారింది. "నేను ధైర్యంగా మాట్లాడగలను" అంటే అక్కకు అబద్ధమాడినట్టు ఉండేది. ఇద్దరూ కలిసి ఇంకో వాక్యం కుదుర్చుకున్నారు: "గొంతు వణికినా మాట్లాడుత." ఇందులో పొగడ్త లేదు, గెలుస్తానన్న హామీ లేదు. వణుకు ఉందని ఒప్పుకుని దాన్ని పక్కన కూర్చోబెట్టుకోవడం ఉంది. గట్టిగా మాట్లాడడం తన తప్పు కాదని, అది నాయిన చెవుల్లోంచి, షెడ్డు గోడల్లోంచి వచ్చిందని అర్థమవడానికి మరికొన్ని నెలలు పట్టింది. ఆ ఏడాది సెమినార్‌లో అక్క మాట్లాడింది. మైకు లేకుండా చివరి బెంచీ దాకా వినపడిందట. సగంలో గొంతు వణికింది కూడా.

దీన్ని చదివి హిప్నాటిజం అన్నిటికీ మందు అనుకోకండి. నొప్పి, ఆందోళన, కొన్ని రకాల కడుపు జబ్బుల విషయంలో మామూలు వైద్యానికి తోడుగా ఇది పనికొస్తుందని పరిశోధనలు ఉన్నాయి. మత్తుమందులు ఇంకా రాని రోజుల్లో, 1845లో, బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే డాక్టరు ఇలాంటి పద్ధతితోనే ఆపరేషన్లు చేశాడు. కానీ అందరూ ఒకే తీరుగా స్పందించరు, కొందరికి అసలు పట్టదు. మరచిపోయిన జ్ఞాపకాలు తవ్వి తీస్తామనేవాళ్లను నమ్మొద్దు, ఆ స్థితిలో జరగనిది కూడా జరిగినట్టు గుర్తొచ్చే ప్రమాదం ఉంది. మతిభ్రమ, మూర్ఛ లాంటి జబ్బులుంటే మానసిక వైద్యుల్ని అడగకుండా అసలు పోకూడదు. మన దేశంలో 2003లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా, అర్హత, శిక్షణ ఉన్నవాళ్లు చేయవచ్చని ఒప్పుకుంది. కాబట్టి చదువు, రిజిస్ట్రేషన్ ఏమిటని అడగడం మన హక్కు. కావాలంటే తోడు మనిషిని తీసుకెళ్లవచ్చు. తలుపు వేసుకోవాలి, ఎవరికీ చెప్పొద్దు అనేవాడి గది నుంచి లేచి వచ్చేయండి. ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడాలంటే టెలిమానస్ 14416 ఉంది, ప్రభుత్వమే 2022లో పెట్టింది.

ఇంకొకటి. సమ్మోహనం కూలి రేటు పెంచదు. సిరిసిల్లలో నేత కార్మికులు అప్పులతో ఆత్మహత్యలు చేసుకున్న రోజుల్లో వాళ్లకు కావలసింది ముందు పని. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాక సాంచాలు ఆడాయి. ఆకలితో ఉన్నవాణ్ని కళ్లు మూసుకుని నిన్ను నువ్వు స్వీకరించు అనడం నాకైతే అన్యాయంగా తోస్తుంది. తనను తాను ఒప్పుకోవడం వేరు, తనకు జరుగుతున్న దాన్ని ఒప్పుకోవడం వేరు. అక్క తన గొంతును ఒప్పుకున్నాక చేసిన పనుల్లో ఒకటి, నాయిన కూలి లెక్క తేడా వస్తే సేటు దగ్గరికి పోయి అడగడం.

వైవా ముందు, సెమినార్ ముందు మనం సొంతంగా చేసుకోగలిగింది కొంచెం ఉంది. ఐదు నిమిషాలు చాలు. ఒకచోట కూర్చోండి, బస్సులో నిలబడి గానీ కుట్టుమిషన్ ముందు గానీ వద్దు. మెల్లగా ఊపిరి తీసి వదులుతూ పది నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మీకు హాయిగా ఉండే ఒక పని గుర్తు తెచ్చుకోండి, చోటు కంటే పని మేలు, చేతులకు గుర్తుంటుంది. తర్వాత లోపలే అనుకోండి. అక్క అనుకునేది ఇది:

"కూసున్న. కాళ్లు నేలకు ఆనినయి. భుజాలు దిగినయి. దవడ వదులైంది. పానం నిమ్మలమైతున్నది. గొంతు వణుకుతది, వణకనియ్. వణికినా మాట్లాడుత."

ఒకటి నుంచి ఐదు లెక్కపెట్టి కళ్లు తెరవండి. రోజూ చేస్తేనే పట్టు దొరుకుతుంది, పరీక్ష పొద్దున మొదటిసారి చేస్తే ఏమీ ఉండదు.

అక్క వాక్యాలను ఉన్నవి ఉన్నట్టు వాడుకుంటే శ్రీకాకుళం వాళ్లకో, అనంతపురం వాళ్లకో అది నా అక్కకు విశ్రాంతి అన్న మాటలాగే ఉంటుంది. అందుకే ఈ కాగితం కింద ఒక తెల్లకాగితం అంటించాను, పెన్ను దారానికి కట్టి ఉంది. మీ ఇంట్లో నిమ్మలానికి ఏమంటారు? కుదుటపడడమా, తెరిపిన పడడమా, ఇంకేదైనానా? మాట, దాని పక్కన ఊరి పేరు రాయండి. మేడమ్‌లు కూడా.