మన్యపు రైతులకు కాఫీపండ్లు కోయుటనుగూర్చియు, ఎండబెట్టుటనుగూర్చియు సూచనలు

అరకు, పాడేరు ప్రాంతముల కొండగ్రామములయందు చిన్నకమతముల రైతులు పండించు కాఫీకి 2019వ సంవత్సరమున "అరకు వేలీ అరబికా" అను పేరిట భౌగోళికపు గుర్తింపు లభించెను. పేరు వచ్చినంతమాత్రమున ధర రాదు. ఎకరమో రెండెకరములో గల రైతునకు సంవత్సరమంతయు పడిన కష్టము కోతమొదలు మూటకట్టువఱకు గల కొలదిదినములలోనే దక్కుటయో, చెడుటయో జరుగును.

కోత కార్తీకమున మొదలై పుష్యమువఱకు సాగును. ఒక కొమ్మమీది కాయలన్నియు ఒక్కమాఱు పండవు. కావున ఎఱ్ఱబాఱిన పండ్లను మాత్రమే ఏఱి కోయుచు, పది పదునైదు దినములకొకసారి తోట తిరుగవలెను. కొమ్మను పిడికిటఁ బట్టి దూసినచో పచ్చికాయలు కలసి రుచి చెడును. కణుపులు దెబ్బతిని మఱుసటియేఁటి కాపు తగ్గును. సంతనాఁటికి సొమ్ము చేతికి వచ్చునని దూయువారు ఈ రెండవ నష్టమును లెక్కింపరు.

కోసిన పండ్లను నీటితొట్టిలోఁ బోసి, తేలిన తాలుకాయలను, పురుగుపట్టినవానిని వేఱుచేయవలెను. తక్కినవానిని ఆనాఁడే పల్పరు అను గుజ్జుతీయు యంత్రమున వేయవలయును. రాత్రియంతయు గోనెలలో నున్న పండ్లు వేడెక్కి పులిసి, గింజకు దుర్వాసన పట్టించును. గుజ్జు తీసిన గింజలను తొట్టిలో సుమారు ఒక దినము, చలి యెక్కువగా నున్నచో దినమున్నర యుంచిన జిగురు విడును. ఇందు గడియారముకంటె చేయియే నమ్మఁదగినది. కొన్నిగింజలను కడిగి నలిపినప్పుడు జాఱక గరగరలాడినచో జిగురు పోయినదని యెఱుంగవలెను, అటుపై ఊరనీయరాదు. మూఁడునాలుగు మాఱులు మంచినీటఁ గడుగవలెను. కడిగిన నీటిని గెడ్డలో విడువక గుంటలోనికి మఱల్పవలెను. దిగువగ్రామమువారు త్రాగునది ఆ గెడ్డనీరే.

నేలమీఁద నెండిన గింజకు మట్టివాసన పట్టును. వెదురు తడికలమీఁద పలుచగా పఱచి, పగలు తఱచుగ కలియఁబెట్టి, మన్యపు మంచు తగులకుండ సాయంకాలమే కప్పవలెను. ఎండనుబట్టి ఏడు మొదలు పదిదినములు పట్టును. పచ్చియారని గింజ మూటలో బూజుపట్టును. ఆఱుకిలోల పండ్లకు సుమారొక కిలో శుద్ధమైన గింజ వచ్చును గనుక, ఒక్కమూట చెడినను నష్టము పెద్దది.

మఱియొకటి ముఖ్యముగ గమనింపవలయును. భారతదేశమున 1990లో నీలగిరులలోని గూడలూరునందు మొదట కనఁబడిన కాయతొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతమునందును కనుఁగొనఁబడెను. కాయ కొనయందు సూదిమొనవంటి చిన్నరంధ్ర మున్నచో ఈ పురుగు చేరెనని శంకింపవలెను. అట్టి కాయలను మరుగునీట ముంచి లోతుగఁ బూడ్చి, అధికారులకుఁ దెలుపవలెను. కోత ముగిసినపిమ్మట చెట్టుమీఁద గాని, నేలమీఁద గాని ఒక్క కాయయు మిగులరాదు. పురుగు మఱుసటి కాపువఱకు అందే బ్రదుకును. ఒకరి గోనెలను మఱియొకరు ఎరువు తెచ్చుకొనుటయు మానవలెను.