ఉడికించిన పశువుల బోటి: పోషక విలువ, పరిమితులు

హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాలు శిక్షణ సంస్థలకు, వాటి చుట్టూ వెలసిన వసతిగృహాలకు పేరుపొందాయి. ఇంటి భోజనానికి దూరమై, పరిమిత వ్యయంతో చదువుకొనే యువతకు మాంసకృత్తులు, ఇనుము చాలినంత అందడం తేలిక కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. బోటి వంటి మాంసం తింటే రక్తం పడుతుందన్న భావనను ఈ నేపథ్యంలో పరిశీలించడం అవసరం.

నెమరువేసే పశువుల పొట్టను, పేగులను కలిపి వాడుకలో బోటి అంటారు. ఇక్కడ చర్చించేది పొట్ట భాగాన్నే. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టిక ప్రకారం ఉడికించిన 100 గ్రా. గొడ్డు పొట్టలో 94 కిలో కేలరీలు, 11.7 గ్రా. మాంసకృత్తులు, 4 గ్రా. కొవ్వు, 81 మి.గ్రా. కాల్షియం, 1.6 మి.గ్రా. జింకు ఉంటాయి. నగరంలో గేదె, దున్న మాంసం కూడా పెద్ద మాంసంగానే అమ్ముడవుతుంది కనుక ఈ అంకెలను స్థూల ప్రమాణంగానే గ్రహించాలి.

అందులో ఇనుము 0.65 మి.గ్రా. మాత్రమే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వయోజన మహిళకు సిఫారసు చేసిన మోతాదు రోజుకు 29 మి.గ్రా. మాంసంలోని ఇనుమును శరీరం సులభంగా గ్రహిస్తుందన్నది నిజమే; కానీ అవసరంలో రెండు శాతం పాటి ఇనుముతో రక్తహీనత తీరదు. ఉడికించిన పశువు కాలేయంలో ఇనుము దీనికి సుమారు పది రెట్లు. ఒకే దుకాణంలో దొరికినంత మాత్రాన రెండింటినీ ఒకే గాటన కట్టరాదు. అయితే కాలేయంలో విటమిన్ ఎ అత్యధికం కావడం వల్ల గర్భిణులు వైద్యుల సలహా లేనిదే దానిని తినరాదు.

మాంసకృత్తుల విషయంలో బోటి అంత నిస్సారం కాదు. వంద గ్రాములతో మహిళ దినసరి అవసరంలో నాలుగోవంతు సమకూరుతుంది. వండిన కండ మాంసంలో ఉండే పరిమాణంలో ఇది సగానికి తక్కువే. పైగా ఇందులో గణనీయ భాగం కొల్లాజెన్. దానిలో ట్రిప్టోఫాన్ అనే ఆవశ్యక ఆమ్లం ఉండదు. అందువల్ల బోటిని ఒంటిగా కాక అన్నం లేదా జొన్నరొట్టె, పప్పుతో కలిపి తినడం మేలు. శనగపప్పు వేసి వండితే ఖర్చూ పెరగదు. కొవ్వు తక్కువైనా కొలెస్టరాల్ 157 మి.గ్రా. ఉన్నందున హృద్రోగులు మితం పాటించాలి.

వండే తీరు కూడా పోషకాలను ప్రభావితం చేస్తుంది. పచ్చి బోటిలో 1.39 మైక్రోగ్రాములున్న విటమిన్ బి12 ఉడికించినదానిలో 0.72కు, పొటాషియం 67 మి.గ్రా. నుండి 42కు తగ్గినట్లు అదే పట్టిక చూపుతుంది. ఇవి నీటిలో కరిగేవి. వాసన పోవడానికి బోటిని గంటసేపు ఉడికించి ఆ నీటిని పారబోస్తే ఇవీ దానితోపాటే పోతాయి. మొదట మరుగునీటిలో కొద్దిసేపు ముంచి, పైపొరను గీకి, ఆ నీటిని మాత్రమే పారబోయాలి. పలుమార్లు కడిగిన తరువాత ప్రెషర్ కుక్కరులో మెత్తబడే వరకు ఉడికించి, అందులో మిగిలిన నీటిని కూరలోనే ఇగర్చాలి.